దీపాలు తాగే బావి

అందరూ సర్దుకుని కూర్చోండి. కరెంటు ఇప్పట్లో రాదు, లైన్‌మన్ వాళ్ళ బావమరిది పెళ్ళికి పోయాడంట. మంచినీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడే తాగండి, మధ్యలో లేచి పోయి వచ్చి "ఏమైంది అవ్వా, ఏమైంది" అంటే మాత్రం నేను మొదట్నించి చెప్పను, నా నోరేం మైకుసెట్టు కాదు.

పడమటి క్వారీకి పోయే బండ్లబాట ఉందా, ఆ బాటలో సగం దూరం పోయాక ఎడమచేతి పక్క నేలంతా పిండి ఒలకబోసినట్టు తెల్లగా ఉంటది, చూశారు గదా? అక్కడ ఒక కూలిపోయిన సున్నపుబట్టీ, దాని కింద పల్లంలో ఒక దిగుడుబావి. ఆ బావి పక్కకి మన ఊళ్ళో ఎవరూ పోరు. మేకలోళ్ళు మేకల్ని తుమ్మల మీదగా తిప్పుకుని పోతారు, అరమైలు చుట్టయినా సరే అంటారు. లారీవాళ్ళు టైరు పగిలినా అక్కడ ఆపరు, ఇంకో ఫర్లాంగు ఈడ్చుకుంటా పోయి ఆపుతారు. ఎందుకు? ఆ బావిలో దెయ్యం ఉంది గనక. ఏం చేస్తది ఆ దెయ్యం? మనుషుల్ని పట్టదు, జుట్టు విరబోసుకుని నవ్వదు, చుట్ట అడగదు. దీపాలు తాగుద్ది. ఊది ఆర్పటం కాదు, జాగర్తగా వినండి, తాగుద్ది. దీపం దించితే మెట్టు మెట్టుకీ చిన్నదై చిన్నదై, గాలి లేదు వాన లేదు, ఆరిపోద్ది. మేష్టారూ, మీరు అట్టా నవ్వబాకండి. దానికి మీ పుస్తకంలో ఏదో పేరుండే ఉంటది, ఆ పేరు కథయ్యాక చెప్పుకోండి.

ఆ బట్టీ ఎవరిదంటే గురవమ్మది. అంటే ముందు ఆమె మొగుడు అంకయ్యది, ఆయన పోయాక ఆమెది. క్వారీ నించి రాళ్ళు తెచ్చి, రాళ్ళూ బొగ్గులూ వరసలు వరసలుగా పేర్చి, మూడు రోజులు కాల్చి సున్నం తీసేవాళ్ళు. మన ఊళ్ళో తాంబూలంలోకి సున్నం వాళ్ళదే, పెళ్ళిళ్ళకి గోడలకేసే సున్నం వాళ్ళదే. గురవమ్మ మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగా ఉండేది, తలకి మసిగుడ్డ చుట్టేది, మాట అంటే పడేది కాదు. నవ్విందంటే బండ్లబాట దాకా వినపడేది. మరి అంకయ్యో? ఆయనది మెతక ప్రాణం. కుక్క మొరిగితే కుక్కకి దణ్ణం పెట్టేవాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారంటే ఒక్కసారి పులుసులో ఉప్పెక్కువైందని గొంతు పెంచాడంట, పెంచి, ఆ పూటే పొయ్యి దగ్గరికొచ్చి, నాకే నోరు బాగాలేదులే అని చెప్పుకున్నాడంట.

ఆ అంకయ్య ఒకరోజు ఏం చేశాడు, బట్టీకీ బావికీ మధ్యన రాళ్ళు పేర్చి, మట్టి మెత్తి, మోకాలెత్తు గట్టు కట్టడం మొదలుపెట్టాడు. అక్కడ పారే నీళ్ళు లేవు, కాలవ లేదు. గురవమ్మ చూసి, దేనికయ్యా ఈ గట్టు అని అడిగింది. బట్టీ ఊపిరి పల్లానికి పారుద్ది, బావిలో దిగుద్ది, అందుకని అన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. గాలికి గట్టు కట్టేవాణ్ణి నిన్నే చూశా, రేపు ఎండకి చెరువు తవ్వుతావా అంది. అని ఊరుకుందా? బోరింగు దగ్గరికొచ్చి మా అందరికీ చెప్పింది. మేమంతా బిందెలు కింద పెట్టి మరీ నవ్వాం. ఆ వారమంతా అంకయ్య దోవన పోతుంటే, ఏం అంకయ్యా, ఇవాళ ఎంత గాలి నిలవ చేశావ్ అని అడిగినవాళ్ళే. ఆయన తలొంచుకుని తనూ నవ్వి, గట్టు మాత్రం పూర్తి చేశాడు.

ఆ మరుసటేడు వానల్లో అంకయ్యకి జరమొచ్చింది. తొమ్మిది రోజులుండి పోయాడు. అవే వానలకి గట్టు కూడా మధ్యన కూలింది. మొగుడు పోయిన మనిషి గట్టు సంగతి చూస్తదా? రాళ్ళు ఎక్కడ పడ్డవి అక్కడే ఉన్నయ్.

తర్వాత ఏమైందంటే, వినుకొండ నించి గురవమ్మ తమ్ముడొచ్చి, అక్కా మా ఇంటికి రా అని తీసుకుపోయాడు. పోయింది. పది రోజులుంది. ఆ పది రోజుల్లో మరదలు ఆమెకి రుబ్బురోలూ, వసారాలో ఒక మూలా ఇచ్చింది. పదకొండో రోజు గురవమ్మ మూట కట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. దిగీదిగగానే మా బోరింగు దగ్గర నిలబడి, నా బట్టీ నేను వెలిగించుకుంటా, పస్తులుంటే నా ఇంట్లో ఉంటా, ఇంకోళ్ళ గిన్నెలు మాత్రం ఈ జన్మకి తోమను అంది. ఆడది బట్టీ వెలిగించటమేంది అని ఊళ్ళో మొగోళ్ళు గొణిగారు. వాళ్ళని గొణుక్కోనిచ్చి ఆమె రాళ్ళు పేర్చి నిప్పు పెట్టింది.

మూడో రోజుకి బట్టీ బాగా అందుకుంది. ఆ రోజే మునసబు హనుమంతురావుగారి పందెం కోడి, డేగపుంజు, ఆ బావి దగ్గరికి పోయింది. అప్పట్లో మునసబంటే ఊరికి ఆయనే పోలీసు, ఆయనే కోర్టు. అంతటాయనకి ఇంట్లో పెళ్ళాంబిడ్డల మీద కూడా అంత ప్రేమ లేదు, ఆ పుంజు మీద ఉండేది. బాదంపప్పు పెట్టేవాడు, చీరమీను చేపపిల్లలు పెట్టేవాడు, పొద్దున్నే నీళ్ళలో ఈత కొట్టించేవాడు. ఆ పుంజు పురుగుల కోసం మెట్లు దిగి, దిగి, ఎనిమిదో మెట్టు మీద తూలి పడిపోయింది. జీతగాడు గెడకర్రకి ఉచ్చు కట్టి పైకి లాగాడు. చచ్చిందనుకున్నారు. మునసబుగారు దాన్ని ఒళ్ళో వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటన్నాడు, అది కాస్తా కన్ను తెరిచి, రెక్కలు దులిపి లేచింది. లేచింది గానీ, దాని పౌరుషం ఆ బావిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత పెట్టని చూసినా పరిగెత్తేది. కందిరీగ వచ్చినా గంప కింద దూరేది. మునసబుగారు రెండు రోజులు అన్నం తినలేదు.

సరే, బావిలో ఏముందో చూద్దామని జీతగాళ్ళు తాడు కట్టి లాంతరు దించారు. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దించారు, మళ్ళీ ఆరిపోయింది. కాగడా దించితే అదీ అంతే, నీళ్ళలో ముంచినట్టు చప్పబడింది. అడుగున చూస్తే మోకాలి లోతు నీళ్ళు, పైనంతా ఏమీ కనపడని ఖాళీ. ఇంకేముంది? సాయంత్రానికి ఊరంతా తేల్చేసింది. అంకయ్య దెయ్యమయ్యాడు, పెళ్ళాం బట్టీ వెలిగించిందని కోపమొచ్చి బావిలో కూర్చుని దీపాలు తాగుతన్నాడు. గురవమ్మకి ఈ మాట చెవిన పడితే, మా ఆయనా, దెయ్యమా, ఆయనకే దెయ్యాలంటే భయం గదయ్యా అందంట. ఎవరు వింటారు? మునసబుగారు కబురు చేశాడు. శుక్రవారం గురజాల అవతల నించి భూతవైద్యుడు సాంబులు వస్తన్నాడు, వాడు వచ్చి అది అంకయ్యే అని తేలిస్తే బట్టీ ఆర్పేయాల, గురవమ్మ వినుకొండ పోవాల.

వినుకొండ అనే మాటకి ఆమె అంతకు ముందెప్పుడూ అంత భయపడలేదు.

ఆ సాయంత్రం గురవమ్మ ఒక్కతే ప్రమిద చేతబట్టుకుని బావి దగ్గరికి పోయింది. ప్రమిదని తాడుకి కట్టి చిన్నగా దించింది. ఎనిమిదో మెట్టుకి ఆరిపోయింది. ఇదంతా తర్వాత ఆమే నాకు చెప్పింది, కల్పించటం లేదు. ఒక్క క్షణం ఆమె కూడా నమ్మిందంట. బావిలోకి వంగి, ఏమయ్యా, నువ్వేనా అందంట. నిజంగా నీకు కోపమొచ్చేదేం చేశా చెప్పు అందంట. పైమెట్టు మీద కూర్చుని, ఆయన పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదే, అంత ఏడ్చిందంట.

ఏడ్చి ముక్కు చీదుకుని తలెత్తి చూస్తే ఎదురుగా కూలిన గట్టు. ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. బట్టీ కింద బూడిద గుంటలోకి దిగే ముందు అంకయ్య ఎప్పుడూ ఒక దీపం దించేవాడు. దీపం నిలబడితే దిగేవాడు, ఆరితే రేపు చూద్దాంలే అని ఊరుకునేవాడు. ఎందుకయ్యా అంటే, రాయిని కాలిస్తే అది ఊపిరి వదులుద్ది గురవా, ఆ ఊపిరి మన గాలి కన్నా బరువు, పల్లం దొరికితే నీళ్ళలాగా నిలబడుద్ది, దాంట్లో దీపం బతకదు, దీపం బతకనిచోట మనిషీ బతకడు అనేవాడు. ఆమె ఊఁ కొట్టేది, వినేది కాదు. ఇప్పుడు చూస్తే బట్టీ మెరక మీద ఉంది, బావి పల్లాన ఉంది, మధ్యన గట్టు కూలి ఉంది. ఇంకా చెప్పాలా?

పరుగున మునసబు ఇంటికి పోయింది. అయ్యా అది మా ఆయన కాదు, బట్టీ ఊపిరి, గట్టు పడిపోయింది అని మొత్తం చెప్పింది. మునసబుగారు పుంజుని నిమురుతా విని, గాలికి గట్టేందే, మతి పోయిందా అన్నాడు. అదే మాట, మీకు గుర్తుందా, ఆమె మొగుణ్ణి అన్న మాట. వెనక్కి తిరిగి వచ్చేసింది.

శుక్రవారమొచ్చింది. సాంబులు వచ్చాడు. మనిషి చూడ్డానికి భయంగానే ఉన్నాడు, మెళ్ళో నిమ్మకాయల దండ, చేతిలో నెమలీకల కట్ట, కళ్ళకి కాటుక. నడిరేయి పూజ చేస్తానన్నాడు. మునసబుగారు ఏడింటికల్లా పడుకునే మనిషి, నడిరేయి కుదరదు, నాలుగింటికి కానీ అన్నాడు. దెయ్యం నాలుగింటికి లేవదండీ అన్నాడు సాంబులు. మా ఊళ్ళో లేస్తది, కానీ అన్నాడు మునసబు. అట్టా సాయంత్రం ఎండ తగ్గకముందే ఊరంతా బావి చుట్టూ చేరింది. మునసబుగారికి కుర్చీ వేశారు, ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పుంజు ఆయన కుర్చీ కింద. గురవమ్మ ఒక పక్కన సున్నపుతొట్టి దగ్గర నిలబడి ఉంది. నేను కూడా ఉన్నా, కాపురానికొచ్చి రెండేళ్ళు కూడా కాలేదు, మా అత్త వద్దన్నా పోయా.

సాంబులు ఊరి చెరువులో మూడు మునకలేసి, తడిపంచతో వచ్చాడు. ముందు దీపం దించాడు, అది ఆరిపోయింది. జనం ఆఁ అన్నారు. అంకయ్యా, నువ్వేనా అని అరిచి, తనే తల ఊపి, వాడే అన్నాడు. తర్వాత బిందెడు పసుపునీళ్ళు తీసుకుని, దెయ్యం బయటికి రాకుండా బావి చుట్టూ గిరి గీస్తా పోస్తన్నాడు. పోస్తంటే, ఏం చెప్పనమ్మా, పసుపుపచ్చటి నీళ్ళు నేల మీద పడ్డయ్యో లేదో ఎర్రగా మారినయ్. చిక్కటి ఎరుపు! వాడు పోసిన చోటల్లా నెత్తురు!

రక్తం, రక్తం అని ఒకామె అరిచింది. అంతే, తొక్కిసలాట. పరుగో పరుగు. కర్రసాము చేసే కుర్రోళ్ళు ముందు పరిగెత్తారు. వెనకనించి గురవమ్మ, ఒసే ఆగండే, శుక్రవారం శుక్రవారం నా దగ్గర సున్నం పట్టుకుపోయి పసుపులో కలిపి దిష్టినీళ్ళు మీరే గదే చేసేది, అప్పుడెంత ఎర్రగా ఉంటయ్యో ఇప్పుడూ అంతే, ఈ నేలంతా సున్నమే గదే అని గొంతు చించుకుంటంది. నిజమే. పళ్ళెంలో అయితే దిష్టినీళ్ళని తెలుసు, నేల మీద అయ్యేసరికి ఎవరికీ తెలియలేదు. ఆ పొద్దున్నే మా ఆడబిడ్డ కొడుక్కి దిష్టి తీసిన చెయ్యి నాది, పసుపు మరకైనా పోలేదు, అయినా నేనూ పరిగెత్తా. ఒక చెప్పు అక్కడే వదిలేశా. బండ్లబాట దాకా పోయి, తుమ్మచెట్టు చాటున నిలబడి చూశా, ఎందుకంటే భయం ఎంతుందో ఆశ కూడా అంతే ఉంది.

బావి దగ్గర ముగ్గురు మిగిలారు. గురవమ్మ, సాంబులు, మోకాళ్ళు లేవని మునసబు. పుంజు ఎప్పుడో ఇంటికి పోయింది.

సాంబులూ ఒక కన్ను బాట మీదే పెట్టాడు. వాడెప్పుడూ దెయ్యాన్ని చూసినోడు కాదు గదా, అందరి దగ్గరా దీపం వాడే ఆర్పి, పొగ వాడే పెట్టేవాడు. ఇక్కడేమో వాడు ఏం చేయకుండానే అన్నీ జరుగుతన్నయ్. అయినా మునసబుగారు చూస్తన్నాడు, పారిపోతే పేరు పోద్ది. కూర్చుని మంత్రం చదువుదామని చుట్టూ చూశాడు. ఆ పొద్దున్నే బట్టీలోంచి తీసిన కాలిన రాళ్ళు కుప్ప పోసి ఉన్నయ్, తెల్లగా, పైన చదునుగా, పీఠంలాగా. వాడు అటు నడుస్తంటే గురవమ్మ చూసింది. ఇప్పుడు ఇక్కడ సున్నం పని తెలిసినవాళ్ళెవరన్నా ఉంటే మీకు నవ్వొస్తంది, తెలియనోళ్ళ కోసం చెప్తన్నా, కాలిన సున్నపురాయికి నీళ్ళు తగిలితే పొయ్యి అక్కర్లేదు, నిప్పక్కర్లేదు, దానంతటదే కుతకుతా ఉడుకుద్ది. మేం చిన్నప్పుడు దాంట్లో చిలగడదుంప పెట్టి ఉడకబెట్టుకునేవాళ్ళం.

గురవమ్మ చేతులు జోడించి, నాయనా, తడిబట్టల్తో దాని మీద కూర్చోబాక అంది. ఆడది మాట్లాడకూడదు, నీ నోట్లోంచి నీ మొగుడు మాట్లాడతన్నాడు అన్నాడు సాంబులు. మా ఆయన అయినా అదే చెప్తాడు నాయనా, కూర్చోబాక అంది. వాడు నెమలీకలు ఝాడించి, పద్మాసనం వేసుకుని, నిండా తడిసిన పంచతో ఆ రాళ్ళ మీద కూర్చున్నాడు.

మొదటిసారి ఓం అన్నాడు, బాగానే ఉంది. రెండోసారి ఓం అన్నాడు, కొంచెం పైకి పోయింది గొంతు. మూడోసారి అన్నది ఓం కాదు. వాడి కింద నించి బుస్సుమని ఆవిరి లేచింది. వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గాల్లోకి లేచాడు. నేను తుమ్మ చాటు నించి చూశా గదా, ఒట్టు, ఆ వయసు మనిషి అంత ఎత్తు ఎగరటం మళ్ళీ చూడలేదు. అంకయ్యా కాల్చబాక, అంకయ్యా నీ కాళ్ళు మొక్కుతా అని అరుచుకుంటా చుట్టూ తిరిగి, నీళ్ళు నీళ్ళు అని వెతికి, ఎదురుగా బావి కనపడితే దడదడా మెట్లు దిగాడు.

నవ్వబాకండి. ఇక్కడ నవ్వాగిపోవాల. పుంజు పడిపోయింది ఎనిమిదో మెట్టు మీద. వాడు ఏడు దిగాడు, ఎనిమిది, పది, పన్నెండు. వాడు పొడుగు మనిషి గనక ఆ మాయదారి ఊపిరి వాడి మెడ దాకా వచ్చి ఆగింది, తల మాత్రం పైన ఉంది. అడుగున నీళ్ళు ఇంకా మూడు మెట్ల కింద. అక్కడే వాడికి కళ్ళు తిరిగినయ్, కాళ్ళలో సత్తువ పోయింది. కళ్ళు తిరిగితే ఎవరైనా ఏం చేస్తారు? కూలబడతారు. అక్కడ కూలబడితే తల మునుగుద్ది, మునిగితే మళ్ళీ లేవడు. గురవమ్మ పైనించి, కూర్చోబాకరా, నిలబడరా, కూర్చున్నావా చచ్చావే అని కేక. వాడు మోకాళ్ళు వంచాడు. కిందికి పోతన్నాడు. కాలిన పిర్రలు మెట్టురాయికి తగిలినయ్. చచ్చాన్రో అని లేచి నిలబడ్డాడు. మళ్ళీ తూలాడు, మళ్ళీ వంగాడు, మళ్ళీ రాయి తగిలింది, మళ్ళీ లేచాడు. వాడి మంత్రాలు వాణ్ణి కాపాడలేదు, నిమ్మకాయలు కాపాడలేదు, ఆ కాలిన పిర్రలు కాపాడినయ్. మూడుసార్లు కూర్చోబోయాడు, మూడుసార్లూ అవే లేపినయ్.

ఈలోగా గురవమ్మ బట్టీలో నిప్పులు కెలికే పొడుగు ఇనుప కొక్కెం తీసుకుని మెట్టంచున బోర్లా పడుకుంది. మునసబుగారూ లేవండి, మనిషి పోతన్నాడు అని అరిచింది. ఆరేళ్ళ నించి ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని మునసబు ఒక్కడే లేచి వచ్చాడు. కొక్కెం కిందికి వదిలింది, పంచకి తగిలిస్తే పంచ ఊడొచ్చింది, రెండోసారి మొలతాడుకి తగిలించింది. ఇద్దరూ కలిసి లాగారు. వాడు మెట్టు తర్వాత మెట్టు, వెనక్కి నడిచే పీతలాగా, నిమ్మకాయల దండ ఒక్కటే ఒంటి మీద మిగిలి, పైకొచ్చి పడ్డాడు, బోర్లా. గురవమ్మ చీపురుతో పొడి దులిపి, తాగే నీళ్ళ పీపా మొత్తం వాడి మీద ఒంపి, ఆ తర్వాత కుండెడు మజ్జిగ పోసింది. వాడు మూడు రోజులు మునసబు అరుగు మీద బోర్లానే పడుకున్నాడు. ఆ మూడు రోజులూ మునసబు పుంజు పోయి వాడి వీపు మీదే నిలబడేదంట. ఊళ్ళో తనకన్నా పిరికోడు దానికి వాడొక్కడే దొరికాడు.

అది తర్వాత సంగతి. అప్పుడు గురవమ్మ మునసబుని ఆపింది. అయ్యా, మీరు చూసిపోవాల అంది. తొట్టిలో ఊరిన సున్నప్పాలు కుండతో ముంచి, జల్లెడలో పోసి, వాన పడినట్టు బావిలోకి చల్లటం మొదలెట్టింది. ఒక కుండ, రెండు, ఐదు, పది. చీరంతా తెల్లనైంది. పద్నాలుగో కుండ అయ్యాక ప్రమిద వెలిగించి తాడుతో దించింది. ఆరితే బట్టీ పోద్ది, దించుతా ఉంటే వినుకొండ వసారా మూల కళ్ళ ముందు కనపడతంది. ఆరో మెట్టు. ఏడో మెట్టు. ఎనిమిదో మెట్టు దగ్గర దీపం నీలంగా అయి, ఒణికి, చిన్నదైంది. గురవమ్మ కళ్ళు మూసుకుంది. మునసబు, నిలబడిందే అన్నాడు. కళ్ళు తెరిస్తే ప్రమిద తొమ్మిదో మెట్టు దాటి, నీళ్ళ మీద దాని వెలుగు పడతంది.

చూశారా అయ్యా, రాయిలోంచి పోయిన ఊపిరి మళ్ళీ సున్నంలోకే పోద్ది, సున్నం దాన్ని తాగేసింది, మా ఆయన ఎప్పుడో చెప్పాడు, ఇందులో దెయ్యం లేదు అంది గురవమ్మ. మునసబు బావిలోకి వంగి చూశాడు. చూసి, అర్థమైందే, అంకయ్యకి సున్నం కావాల్సొచ్చింది అన్నాడు. కాదయ్యా అంది ఆమె. అవునే, బతికినన్నాళ్ళూ సున్నంలో బతికినోడు, చచ్చాక దేనికి ఆశపడతాడు, పూతరేకులకా, సున్నం తాగాడు, శాంతించాడు, నా కళ్ళతో చూశా గదా అన్నాడు. అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. ఈ బట్టీ ఎప్పుడూ ఆరకూడదు, ఆరితే అంకయ్యకి సున్నం ఎవరిస్తారు, శుక్రవారం శుక్రవారం గురవమ్మ బావిలో ఒక కుండ పోయాల, ఆమెని ఎవరూ ఊళ్ళోంచి పంపకూడదు, ఏదన్నా తేడా వస్తే మునసబుతో పని.

గురవమ్మ నోరు తెరిచింది. దెయ్యం లేదని ఇంకోసారి చెప్దామనుకుంది. చెప్తే ఏమైద్ది? ఆయన నమ్మితే బట్టీ ఉంటదో పోద్దో తెలియదు. చెప్పకపోతే బట్టీ ఉంటది, గిన్నెలు తోమే పని తప్పుద్ది, కానీ కుక్కకి దణ్ణం పెట్టిన మనిషి ఊరందరికీ దెయ్యంగా మిగిలిపోతాడు. చివరికి జల్లెడ దులిపి పక్కన పెట్టింది. సరేనయ్యా అంది.

మర్నాడు తెల్లారకముందే పోయి, కూలిన రాళ్ళన్నీ ఏరి, మట్టి తొక్కి, ఒక్కతే ఆ గట్టు మళ్ళీ కట్టింది. అంకయ్య కట్టినదానికన్నా బెత్తెడు ఎత్తు కట్టింది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ బావిలో దీపం ఆరలేదు. శుక్రవారం సున్నం పోస్తంది గదా, అందుకని ఊరు అనుకుంది. ఊరు అనుకుంటే ఆమె ఎందుకు కాదంటది?

అయితే ఒక సంగతి. గట్టు కట్టాక సున్నం పోయాల్సిన పని లేదు గదా? అయినా ఆమె ఒక్క శుక్రవారం కూడా మానలేదు. ఒకసారి నేను సున్నానికి పోయా, చిన్న ముంత పట్టుకుని. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది, నన్ను చూడలేదు, బావివైపు తిరిగి మాట్లాడతంది. గాలికి గట్టు కట్టావు, నేను నవ్వా, ఊరందరి చేతా నవ్వించా, నువ్వూ నవ్వి ఊరుకున్నావు, ఒక్కసారన్నా నన్ను తిట్టలేకపోయావా అయ్యా అంటంది. బోరింగు దగ్గర బిందె దించి నవ్వినదాన్ని నేనూ ఒకదాన్ని. నాకు సిగ్గేసింది, ఇప్పటికీ చెప్తంటే సిగ్గేస్తంది. ఆమె నన్ను చూసి, కళ్ళు తుడుచుకుని, మొహమంతా సున్నం పూసుకుని, ఏంటే పిల్లా, అప్పుడు వదిలేసిన చెప్పు కోసం వచ్చావా అంది.

ఆ రోజే నాకు ఇదంతా చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. గోడకి సున్నం వేస్తే అది తడారాక ఎందుకు గట్టిపడుద్దో తెలుసా మీకు? గాల్లో ఉన్న ఆ ఊపిరినే కొంచెం కొంచెం తాగి, మళ్ళీ రాయై కూర్చుంటదంట. కాల్చినప్పుడు పోయింది, పూసినప్పుడు తిరిగొచ్చింది. మేష్టారూ, తల ఊపుతన్నారే, నిజమే కదా? చూశారా. కాబట్టి ఇదిగో, ఈ గోడకి ఆనుకుని కూర్చున్నారే, మూడు పూతల సున్నం. దీపాలు తాగిన దెయ్యం మీ వీపు వెనకే ఉంది. లేవబాకండి, లేవబాకండి, అక్కడ అది ఏమీ చేయదు, అక్కడ అది మంచిది.

బావిలో మాత్రం కాదు. గురవమ్మ పోయి ముప్పయ్యేళ్ళయింది. ఆ గట్టు రాళ్ళు ఎవరో ట్రాక్టరులో ఎత్తుకుపోయి పశువుల కొట్టానికి పునాది వేసుకున్నారు. పైన గుట్ట మీద కొత్త బట్టీలు మూడొచ్చినయ్, రాత్రీ పగలూ కాలుతన్నయ్, ఆ ఊపిరికి పల్లం అదొక్కటే. పోయిన నెల మేకపిల్ల ఒకటి దిగి రాలేదు. సున్నం చల్లేదానికి ఆమె లేదు.

అందుకని అటు పోబాకండి. దెయ్యం లేదని అవ్వే చెప్పింది గదా అని పోతారేమో, దెయ్యమైతే మొక్కితే వదిలిపెట్టేది, ఇదెవరి మాటా వినదు. పోక తప్పదంటారా, దీపం ముందు దించండి, పొడిబట్టల్తో పోండి, కళ్ళు తిరిగినా సరే కూర్చోబాకండి. సాంబులంటే కాలిన పిర్రలతో దిగాడు గనక బతికాడు, మీవి బాగానే ఉన్నయ్.